ఖాలిద్ జమీల్ నడిచొచ్చిన దారిలో మన జిల్లా కోచ్‌లకు పనికొచ్చేది

2025 ఆగస్టు 1న అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మన పురుషుల జాతీయ జట్టును ఖాలిద్ జమీల్ చేతిలో పెట్టింది. మనోలో మార్కెజ్ వెళ్లిపోయాక ఆ ఉద్యోగానికి 170 దరఖాస్తులు వచ్చాయి. మాజీ ఆటగాడు ఐ.ఎం. విజయన్ ఆధ్వర్యంలోని టెక్నికల్ కమిటీ వడపోశాక ముగ్గురు మిగిలారు. ఇంతకుముందు రెండు విడతలు ఇదే జట్టును నడిపిన స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్లోవేకియా జాతీయ జట్టుకు కోచ్‌గా చేసిన స్టెఫాన్ టార్కోవిచ్, అప్పటికి జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ కోచ్‌గా ఉన్న జమీల్. 2012లో సావియో మెదీరా దిగిపోయిన తర్వాత ఒక భారతీయుడికి పూర్తిస్థాయిలో ఈ బాధ్యత దక్కడం ఇదే మొదలు.

జమీల్ పేరు ఎత్తగానే అందరూ మిజోరం క్లబ్బు ఐజాల్ కథ చెప్తారు. చెప్పాల్సిన కథే. కానీ అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో పిల్లలకు ఆట నేర్పేవాళ్లు చూడాల్సింది అతను ఎలాంటి జట్లను చేతిలోకి తీసుకున్నాడు, ఏ స్థితిలో తీసుకున్నాడు, వాటితో ఏం చేయించాడు అన్నది. అతను నేర్చుకున్నదంతా డబ్బు తక్కువ, ఆటగాళ్లు తక్కువ ఉన్న చోట్లే. మన పరిస్థితికి దగ్గరగా ఉన్నదీ అదే.

జమీల్ పుట్టింది 1977లో, కువైట్‌లో. ఆటగాడిగా మిడ్‌ఫీల్డర్. మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా, చివర్లో ముంబై ఎఫ్‌సీ. గాయాలు అతని ఆటను సగం తినేశాయి. 2009లో బూట్లు పక్కన పెట్టి అదే ముంబై ఎఫ్‌సీకి కోచ్ అయ్యాడు. 2016 దాకా ఏడేళ్లు అక్కడే ఉన్నాడు. ఆ ఏడేళ్లలో ఒక్క ట్రోఫీ లేదు. అందుకే ఆ భాగాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా లెక్కలో అతని పునాదంతా అక్కడే ఉంది. చిన్న బడ్జెట్, అప్పట్లో దేశపు పై లీగైన ఐ-లీగ్‌లో ఎక్కువగా పట్టిక కింది భాగంలో పోరాటం, ప్రతి ఏడాదీ దిగువ డివిజన్‌లోకి జారిపోకుండా నిలబడాలి. ఏడు సీజన్లూ నిలబెట్టాడు. అతను వెళ్లిన మరుసటి సీజన్‌లోనే ఆ జట్టు అట్టడుగున నిలిచి లీగు నుంచి జారిపోయింది. కోచ్ విలువ పట్టికలో ఎన్నో స్థానం అన్నదాంట్లోనే కాదు, అతను లేనప్పుడు ఏమైంది అన్నదాంట్లోనూ కనిపిస్తుంది.

ముంబై వదిలేసిన అతన్ని ఐజాల్ ఎఫ్‌సీ పిలిచింది. 2015-16లో ఆ జట్టు ఐ-లీగ్ నుంచి జారిపోయింది. గోవా క్లబ్బులు లీగు నుంచి తప్పుకోవడంతో ఖాళీ వచ్చి మళ్లీ చోటు దొరికింది. జమీల్ తనతో పాటు ముంబై నుంచి జయేశ్ రాణె, ఆశుతోష్ మెహతా లాంటి తనకు అలవాటైన ఆటగాళ్లను తీసుకెళ్లాడు. మిడ్‌ఫీల్డ్‌లో సిరియా ఆటగాడు మహమూద్ అల్ అమ్నా, వెనక అడ్డుగా లైబీరియాకు చెందిన ఆల్ఫ్రెడ్ జర్యాన్. మిగతావాళ్లలో ఎక్కువమంది మిజో కుర్రాళ్లు. చివరి దశలో సొంత మైదానంలో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించి, 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్ లజోంగ్‌తో 1-1 డ్రా చేసుకుని, 37 పాయింట్లతో ఛాంపియన్లు అయ్యారు. బగాన్‌కు 36. ఈశాన్యం నుంచి ఒక క్లబ్బు జాతీయ లీగు గెలవడం అదే మొదటిసారి.

ఆ గెలుపులో కోచ్ పని ఎక్కడుందో విడిగా చెప్పాలి. మిజో కుర్రాళ్లకు వేగం, పరుగు ఎప్పటినుంచో ఉన్నాయి. అంతకుముందు ఏడాదీ ఉన్నాయి, అయినా జారిపోయారు. బంతి పోయిన మరుక్షణం ఎవరు ఎక్కడ నిలబడాలన్నది పదకొండు మందికీ ఒకేలా తెలిసింది జమీల్ వచ్చాకే. రోజూ అదే పని చేయించి చేయించి ఒంటికి పట్టించాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ ఈ మాట దగ్గరికే రావాలి.

ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్. 2017లో కలకత్తా లీగ్ గెలిచారు, ఐ-లీగ్‌లో మాత్రం నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. 2019 జనవరిలో సీజన్ మధ్యలో మోహన్ బగాన్ పిలిచింది, ఐదో స్థానం. కోల్‌కతా పెద్ద క్లబ్బుల్లో అతనికి కలిసిరాలేదు. అక్కడ ఎదుటి జట్లన్నీ వెనక్కి తగ్గి కాచుకుని ఉంటాయి, ఆ గోడను పగలగొట్టాలి. గోడ కట్టడంలో ఆరితేరిన కోచ్‌కు అది వేరే పరీక్ష. ఇదీ మళ్లీ ఎదురొస్తుంది.

తర్వాతి మెట్టు చాలామంది కోచ్‌లు ఒప్పుకోనిది. ఐ-లీగ్ గెలిచిన మనిషి నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌లో అసిస్టెంట్‌గా చేరాడు. 2021 జనవరిలో గెరార్డ్ నుస్‌ను తప్పించి జట్టును తాత్కాలికంగా ఇతని చేతికిస్తే, లీగ్ దశ ముగిసేదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 33 పాయింట్లతో మూడో స్థానం, ప్లేఆఫ్. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో ఆగిపోయారు. ఆ ఏడాది అక్టోబరులో పూర్తిస్థాయి హెడ్ కోచ్‌ను చేశారు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆ హోదా అందుకున్న మొదటి భారతీయుడు అతనే. కానీ ఆ సీజన్ పదో స్థానంలో ముగిసింది. మిడ్‌ఫీల్డ్‌ను మోసిన కుర్రాడు అపుయా ముంబై సిటీకి వెళ్లిపోయాడు, ఆ లోటు తీరలేదు. తర్వాత బెంగళూరు యునైటెడ్ కోసం కింది అంచె లీగులోకి దిగాడు. అక్కడ పని చేయడం చిన్నతనం అనుకోలేదు.

2023 చివర్లో జంషెడ్‌పూర్. ఆ సగం సీజన్‌లో పట్టిక కింది నుంచి పెద్దగా లేవలేదు. అసలు పని 2024-25లో కనిపించింది. 24 మ్యాచ్‌ల్లో 12 గెలుపులు, 2 డ్రాలు, 10 ఓటములు, 38 పాయింట్లు, ఐదో స్థానం. వేసిన గోల్స్ కన్నా పడిన గోల్స్ ఎక్కువ, అయినా ఐదో స్థానం! ఓడినప్పుడు భారీగా ఓడి, గెలిచినప్పుడు ఒక్క గోల్ తేడాతో గెలిస్తే లెక్క అలా వస్తుంది. ఒక్క గోల్‌ను చివరిదాకా కాపాడుకోవడం అతని జట్లకు బాగా తెలుసు. ప్లేఆఫ్‌లో నార్త్‌ఈస్ట్‌ను 2-0తో ఓడించి, సెమీస్ మొదటి మ్యాచ్‌లో మోహన్ బగాన్‌ను 2-1తో ఓడించారు. రెండో మ్యాచ్‌లో ఇంజురీ టైమ్‌లో అపుయా కొట్టిన గోల్‌తో వెనుదిరిగారు. సూపర్ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లి గోవా చేతిలో 0-3తో ఓడారు. సమాఖ్య వరుసగా రెండేళ్లు ఉత్తమ కోచ్ అవార్డు ఇచ్చింది.

లైసెన్సుల సంగతి చాలామంది అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా: 18 ఏళ్లు నిండితే సమాఖ్య డి-లైసెన్స్‌తో మొదలుపెట్టవచ్చు. అది వారం లోపు కోర్సు. ఆపైన ఆసియా సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఇచ్చే సి, బి, ఎ, చివరగా ప్రో. మెట్టుకూ మెట్టుకూ మధ్య నిజంగా ఒక జట్టుతో పనిచేసిన కాలం చూపించాలి. ఐఎస్ఎల్ హెడ్ కోచ్‌కు ప్రో తప్పనిసరి. కోర్సులు వరుసగా కట్టేసుకుందామనుకునేవాళ్లు అక్కడే ఆగిపోతారు, మధ్యలో చేతిలో జట్టు ఉండదు కాబట్టి. సర్టిఫికెట్ కన్నా ముందు ఒక స్కూల్ జట్టునో ఊరి జట్టునో పట్టుకోండి.

ఇప్పుడు జాతీయ జట్టు. క్లబ్బు కోచ్‌కు రోజూ ఆటగాళ్లు దొరుకుతారు. జాతీయ కోచ్‌కు దొరకరు. ఫిఫా కేటాయించిన రోజుల్లో మాత్రమే క్లబ్బులు ఆటగాళ్లను విడిచిపెట్టాలి, మిగతా రోజుల్లో వాళ్ల ఇష్టం. జమీల్ మొదటి క్యాంపు 2025 ఆగస్టులో బెంగళూరులో, అంటే అనంతపురం నుంచి ఎన్‌హెచ్ 44 మీద నాలుగు గంటల దూరంలోపే జరిగింది. తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లలో జరిగిన మధ్య ఆసియా టోర్నీ, కాఫా నేషన్స్ కప్, ఆగస్టు 29నే మొదలైంది, ఫిఫా రోజులు సెప్టెంబరులో గానీ రావు. మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. దేశంలోని మంచి ఆటగాళ్లలో కొందరు లేకుండానే వెళ్లాల్సి వచ్చింది.

ఏళ్ల తరబడి రోజువారీ సాధనతో జట్లను కట్టిన మనిషికి ఆ ఆయుధమే లేకుండా పోయింది. అప్పుడు ఏం చేశాడు? పది రోజుల్లో నేర్పగలిగినవి మాత్రమే నేర్పాడు. తజికిస్తాన్ మీద 2-1తో గెలిచిన మొదటి మ్యాచ్ చూడండి. 5వ నిమిషంలో ఉవైస్ విసిరిన పొడవాటి త్రోను అన్వర్ అలీ తలతో గోల్ చేశాడు. 13వ నిమిషంలో రెండో గోల్ సందేశ్ ఝింగన్ వేశాడు. ఇద్దరూ సెంటర్ బ్యాక్‌లే, అంటే వెనక మధ్యలో గోల్ కాచేవాళ్లే. ఉవైస్ జంషెడ్‌పూర్‌లో జమీల్ దగ్గర ఆడినవాడు, ఆ త్రో అతనికి ముందే తెలుసు. ఇరాన్‌ను గంట సేపు ఆపి చివరికి 0-3తో ఓడారు. అఫ్ఘానిస్తాన్‌తో 0-0. మూడో స్థానం కోసం ఒమన్‌తో 1-1, పెనాల్టీల్లో 3-2 గెలుపు. ఒమన్ మీద వెనకబడ్డాక ఉదాంత సింగ్ వేసిన గోల్ కూడా ఒక త్రో నుంచి పుట్టిందే.

అక్టోబరులో పరీక్ష మారింది. ఆసియా కప్ అర్హత కోసం సింగపూర్‌ను ఓడించాలి. అక్కడ 1-1. గోవాలో 14వ నిమిషంలో ఛాంగ్తే గోల్ వేసినా, సాంగ్ ఉయ్-యంగ్ రెండు గోల్స్‌తో 1-2 ఓటమి, అర్హత ఆశలు అక్కడితో పోయాయి. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. బంగ్లా చేతిలో ఓటమి 22 ఏళ్ల తర్వాత అది. అంటే కోల్‌కతాలో ఎదురైన గోడే మళ్లీ ఎదురైంది. కాచుకోవడం పది రోజుల్లో నేర్పవచ్చు. కాచుకున్న జట్టును విడగొట్టే కదలికలు నేర్పడానికి నెలలు కావాలి. ఈ ఫలితాలకు కోచ్‌ను ఒక్కణ్నే తిట్టేవాళ్లు ఆ రోజుల లెక్క కూడా చూడాలి.

హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ను తలుచుకుంటే తేడా తెలుస్తుంది. ఆయన బడి పంతులు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా భారత జట్టును నడిపాడు. 1951, 1962 ఏషియాడ్ స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అదే సమయంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టూ ఆయనదే, 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు. బలరాం, యూసుఫ్ ఖాన్ లాంటి జంటనగరాల ఆటగాళ్లు కుర్రవయసు నుంచీ ఆయన కంటి ముందు పెరిగినవాళ్లు. బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమం పెట్టి టోర్నీలు నడిపాడు. అందుకే 1962లో జకార్తాలో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను స్ట్రైకర్‌గా మార్చి, మొదటి మ్యాచ్‌లో 0-2తో ఓడిన దక్షిణ కొరియానే ఫైనల్‌లో 2-1తో ఓడించగలిగాడు. ఆటగాళ్లను ఏళ్లుగా ఎరిగిన కోచ్ చేయగలిగిన మార్పు అది.

ఇక మన జిల్లా విషయానికొద్దాం. స్కూల్ గేమ్స్ జిల్లా జట్టు ఎంపికయ్యాక రాష్ట్ర పోటీలకు ముందు కోచ్ చేతికి పిల్లలు దొరికేది నాలుగైదు రోజులు. గుంతకల్లు రైల్వే గ్రౌండ్‌లో ఆడేవాడొకడు, కళ్యాణదుర్గం నుంచి ఒకడు, ఆర్డీటీ అకాడమీ నుంచి ఇద్దరు ముగ్గురు, తాడిపత్రి నుంచి ఒకడు. ఒక్కొక్కరికీ ఒక్కో అలవాటు. ఇది చిన్న సైజులో జమీల్ కష్టమే. ఆ ఐదు రోజుల్లో డ్రిబ్లింగ్ నేర్పుతూ కూర్చునే కోచ్‌లను ఇప్పటికీ చూస్తున్నాం. అది బడిలో ఏడాదంతా జరగాల్సిన పని.

మొదటి రోజు ఉదయం ఆరింటికే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఆపేయండి, మన ఎండకు ఆ తర్వాత పిల్లల బుర్ర పనిచేయదు. గ్రౌండ్‌ను నిలువుగా ఐదు పట్టీలుగా సున్నంతో గీయండి. నియమం ఒకటే: బంతి ఒక చివరి పట్టీలో ఉంటే, ఆ వైపు నుంచి నాలుగు పట్టీల్లోనే మన పది మందీ ఉండాలి, అవతలి చివరి పట్టీ ఖాళీ. వెనక నలుగురి మధ్య ఎడం ఎనిమిది మీటర్లు మించకూడదు. వాళ్లకూ ముందున్న మిడ్‌ఫీల్డ్ వరుసకూ మధ్య పది నుంచి పన్నెండు మీటర్లు. ప్రత్యర్థులు లేకుండానే మొదలుపెట్టండి. ఇద్దరు పిల్లలు పక్క గీతల దగ్గర నిలబడి మధ్యవాళ్ల ద్వారా బంతిని ఇటూ అటూ తిప్పుతుంటారు, జట్టంతా జరుగుతుంటుంది. జరగాల్సింది బంతి గాల్లోనో నేల మీదో ప్రయాణిస్తున్నప్పుడు. బంతి చేరాక జరిగితే ఆలస్యమైనట్టే. ఒక్కో విడత నాలుగు నిమిషాలు, ఐదు విడతలు చాలు. అంతకు మించితే పిల్లలు నిలబడి చూడటం మొదలుపెడతారు.

తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకే చోట వస్తాయి. బంతికి దూరంగా ఉన్న వింగర్ (ముందు అంచున ఆడేవాడు) తన పట్టీలోనే ఉండిపోతాడు, తన వైపు ఎవరూ లేరు కదా అని. అతనికీ ఫుల్‌బ్యాక్‌కూ (వెనక అంచున కాచేవాడికి) మధ్య పెద్ద సందు పడుతుంది. రెండోది, స్ట్రైకర్ ఒక్కడే బంతి మీదికి ఉరుకుతాడు, వెనక ఎవరూ కదలరు, ఒక్క పాస్‌తో అతను ఆట నుంచి తప్పుకున్నట్టే. అన్నిటికన్నా ప్రమాదం మూడోది. భయంతో వెనక నలుగురు పెనాల్టీ స్పాట్ దాకా జారిపోతారు, మిడ్‌ఫీల్డ్ వరుస జారదు. వాళ్ల మధ్య ఇరవై మీటర్ల ఖాళీ. మన సెంటర్ బ్యాక్ తలతో కొట్టిన బంతి ఆ ఖాళీలోనే పడుతుంది, ఎదుటివాడు పరుగెత్తుకొచ్చి కొట్టేస్తాడు. దీనికి మందు గోల్‌కీపర్ గొంతు. బంతి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ "బయటికి" అని అరవాలి, నలుగురూ బాక్స్ గీత దాటి రావాలి. కీపర్‌ను ఎంపిక చేసేటప్పుడు గొంతు ఉన్నవాణ్ని చూడమని చెప్పేది ఇందుకే.

రెండో రోజు సాయంత్రం త్రో. త్రో నుంచి నేరుగా అందుకునేవాడికి ఆఫ్‌సైడ్ ఉండదు, ఇది పిల్లల్లో చాలామందికి తెలియదు. 64 మీటర్ల వెడల్పున్న మైదానంలో పక్క గీత నుంచి చిన్న బాక్స్ అంచుకు దాదాపు 23 మీటర్లు. మన జిల్లా గ్రౌండ్లు చాలావరకు ఇరుకు. 55 మీటర్ల వెడల్పయితే ఆ దూరం 18కి కాస్త ఎక్కువ. కాస్త బలమున్న పదో తరగతి కుర్రాడు అంత దూరం విసరగలడు. ఎంపిక రోజే అందరిచేతా విసిరించి కొలవండి. విసిరేవాడు నాలుగైదు అడుగుల పరుగుతో రావాలి. బంతి తల వెనక నుంచి తల మీదుగా పోవాలి, వదిలే క్షణంలో రెండు పాదాలూ నేల మీదే ఉండాలి. వెనక కాలు లేస్తే రిఫరీ త్రో ఎదుటివాళ్లకిచ్చేస్తాడు. బంతి బల్లపరుపుగా పోవాలి. ఎత్తుగా లేస్తే కీపర్ నింపాదిగా వచ్చి పట్టేసుకుంటాడు.

దగ్గరి పోస్ట్ ముందు పొడవైనవాడొకడు, పని ఒక్కటే, తలతో వెనక్కి తాకించడం. కీపర్ ముందర ఒకడు, నిలబడవచ్చు, కీపర్ దారిలోకి కదిలితే ఫౌల్. దూరపు పోస్ట్ వైపు ఇద్దరు, బంతి చేతిలోంచి వదిలాకే పరుగు మొదలుపెట్టాలి. బాక్స్ అంచున ఇద్దరు, బయటికొచ్చే బంతి కోసం. విసిరేవాడికి దగ్గరగా పొట్టి పాస్‌కు ఒకడు. వెనక ఇద్దరు కాపలా. పిల్లలు తరచూ తప్పేది బాక్స్ అంచు దగ్గరే, ఆ ఇద్దరూ ఆశతో లోపలికి వెళ్లిపోతారు. అప్పుడు ఎదుటి జట్టు ఒక్క తన్నుతో మన గోల్ మీదికి వచ్చేస్తుంది. ఎర్రమట్టి మీద తడిసిన బంతి జారుతుంది, పక్క గీత దగ్గర ఒక తువ్వాలు ఉంచండి.

జమీల్ జట్టు ఇబ్బంది పడ్డ చోటు మనకూ వస్తుంది. బలహీన జిల్లాతో ఆడినప్పుడు వాళ్లంతా బాక్స్‌లో కూర్చుంటారు. దానికి ఒక్క కదలికే నేర్పండి, రెండు వద్దు. వింగర్ లోపలికి రావడం, ఫుల్‌బ్యాక్ అతని బయటి నుంచి గోల్ గీత దాకా పరుగెత్తడం, అక్కడి నుంచి బంతిని గాల్లోకి లేపకుండా పెనాల్టీ స్పాట్ వైపు వెనక్కి నేల మీద ఇవ్వడం. డిఫెండర్లు గోల్ వైపు పరుగెత్తుతుంటారు కాబట్టి వెనక్కి వచ్చే బంతిని ఆపడం వాళ్లకు కష్టం. మూడు, నాలుగు రోజుల్లో రోజుకు అరగంట ఇదే. మొదట ఎదురు లేకుండా, తర్వాత నలుగురు డిఫెండర్లతో, చివరికి ఆరుగురితో. స్పాట్ దగ్గరికి వచ్చేవాడు ముందే వచ్చి నిలబడితే పని చెడుతుంది, బాక్స్ బయటి నుంచి ఆలస్యంగా రావాలి.

ఐదో రోజు కొత్తది ఏదీ చెప్పకండి. త్రోలు, కార్నర్లు అరగంట, పెనాల్టీలు ఎవరెవరు ఏ వరుసలో కొడతారో కాగితం మీద రాసుకోవడం, అంతే. పోటీలు అయిపోయాక ఒక పని ఉంది, మన దగ్గర ఎవరూ చేయనిది. ఒక్కో పిల్లవాడి గురించి ఒక పేజీ రాసి వాళ్ల బడి పీఈటీకి పంపండి: ఏ స్థానంలో ఆడాడు, ఎక్కడ నిలబడటం నేర్చుకున్నాడు, ఏ కాలు బలహీనం, పట్టీల నియమం ఏమిటి. అన్ని మండలాల పీఈటీలూ అదే నియమంతో ఏడాదంతా ఆడిస్తే, వచ్చే ఏడాది క్యాంపులో మొదటి రోజు పని అప్పటికే అయిపోయి ఉంటుంది, ఆ ఉదయాన్నే గోడ పగలగొట్టే కదలికతో మొదలుపెట్టవచ్చు.